పాదలేపనం నుంచి కాలిబాట దాకా: మన్యపు కొండదారులు, తెలుగు యాత్రావర్ణన – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు యాత్రాసాహిత్యాన్ని విలువ కట్టేటప్పుడు ప్రకృతి వర్ణనను ప్రధాన కొలబద్దగా తీసుకోవడం మన విమర్శలో స్థిరపడిన అలవాటు. ఈ అలవాటుకు ప్రబంధ సంప్రదాయంలో మూలాలున్నాయని, కొండను చూసే కంటిని కొండ ఎక్కే కాలి నుంచి అది వేరు చేసిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మనుచరిత్రములోని ప్రవరుని హిమాలయ దర్శనం, పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణం, కాశీయాత్ర చరిత్ర, ‘వనవాసి’ అనువాదం, ఆధునిక యాత్రారచనలు ఇందుకు ఆధారాలు. జి.మాడుగుల, పాడేరు, చింతపల్లి పరిసరాల్లోని కొండదారులను, వాటి మీద నడిచేవారు ఆ దారులను చెప్పే తీరును ఈ రచనల పక్కన పెట్టి చూడడం ఈ వ్యాసపు పద్ధతి.

కీలకపదాలు: యాత్రాసాహిత్యం, వర్ణన, నడక, మన్యం, జి.మాడుగుల, పాదలేపనం, డోలీ, కాలిబాట.

1. ప్రవేశిక

కొన్నేళ్ల కిందట డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థులకు ‘మీరు చూసిన ఒక ప్రకృతి దృశ్యం’ అనే అంశమిచ్చి వ్యాసం రాయమన్నాను. తరగతిలో సగానికి పైగా మన్యం పిల్లలే. చాలామంది జి.మాడుగుల మండలంలోని కొత్తపల్లి జలపాతం గురించో, పాడేరు దగ్గరి వంజంగి కొండ గురించో రాశారు. పాలనురుగు, వెండితెర, దూదిపింజలు, భూతలస్వర్గం – ఈ నాలుగు మాటలు దాదాపు అన్ని కాగితాల్లోనూ ఉన్నాయి. ఆ పిల్లలను తప్పుపట్టలేం. పదో తరగతి నుంచి మేం వాళ్లకు నేర్పిన మాటలే అవి.

ఒక అమ్మాయి మాత్రం తమ ఊరి నుంచి బస్సు ఆగే రోడ్డు దాకా ఉన్న దారి గురించి రాసింది. జి.మాడుగుల మండలంలో కొండ మీద ఉన్న చిన్న ఊరు వాళ్లది. మొదటి గెడ్డ, దాని తరవాత బరువు దించుకునే రాయి, అక్కడి నుంచి ఏటవాలు, చింతచెట్టు, ఫోనుకు సిగ్నల్ దొరికే గట్టు, రెండో గెడ్డ. వానాకాలంలో రెండో గెడ్డ దాటడానికి ఎవరి కోసం ఆగాలో, పసుపు మూటతో వెళ్లేటప్పుడు ఎంతసేపు పడుతుందో, చేతులు ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు ఎంతసేపు పడుతుందో రాసింది. రెండు పేజీల్లో ఒక్క ఉపమానం లేదు. పొగమంచు అన్న మాట ఒక్కసారి వచ్చింది, అదీ రాయి జారుతుందని చెప్పడానికి. నేను అంచులో ఎర్రసిరాతో ‘వర్ణన చాలదు’ అని రాసి, పదికి నాలుగు వేశాను.

ఈ పరిశీలన ఆ నాలుగు మార్కుల దగ్గర మొదలయింది. అలా రాయడానికి నాకు ప్రమాణం ఎక్కడి నుంచి వచ్చింది? యాత్రాసాహిత్యం మీద మన విశ్వవిద్యాలయాలకు సమర్పించే సిద్ధాంతవ్యాసాల్లో ‘ప్రకృతి వర్ణన’ అని ఒక అధ్యాయం తప్పనిసరిగా ఉంటుంది. ‘నడక’ అన్న అధ్యాయం నేను చూసినంతలో లేదు. యాత్రికుడు ఏం చూశాడన్నది మనం అడుగుతాం. ఎలా చేరాడు, ఎవరి కాళ్ల మీద చేరాడు అన్నది అడగం. అడిగితే మన యాత్రావాఙ్మయపు చరిత్ర కొంత వేరుగా కనిపిస్తుందన్నది నా ప్రతిపాదన.

2. శైలవర్ణన వేరు, ప్రయాణవర్ణన వేరు

అష్టాదశ వర్ణనల పట్టికలో శైలం ఉంది, ప్రయాణమూ ఉంది. రెండూ రెండు వేరు అంశాలు. నగరం, సముద్రం, శైలం, ఋతువులు, చంద్రసూర్యోదయాలు ఒక వరస. మంత్రం, ద్యూతం, ప్రయాణం, యుద్ధం, నాయకాభ్యుదయం మరో వరస. ఇక్కడ ప్రయాణమంటే ప్రధానంగా నాయకుడు దండెత్తి కదలడం. దుమ్ము లేవడం, ఏనుగులు, గుర్రాలు, భేరీలు అందులోకి వస్తాయి. శైలవర్ణనలో కొండ స్థిరంగా నిలిచి ఉంటుంది, కవి దాని శిఖరాలనూ సెలయేళ్లనూ లెక్కపెడతాడు. కొండ మీదికి మనిషి ఎక్కడమనే పని ఈ రెండింటి మధ్య ఎక్కడో జారిపోయింది. లక్షణకారులు కావాలని వదిలిపెట్టారని కాదు. రాజాస్థాన కావ్యానికి దానితో అవసరం పడలేదు.

తెలుగులో అత్యంత ప్రసిద్ధమైన కొండ ఏదంటే సాహిత్య విద్యార్థి ఎవరైనా మనుచరిత్రములోని హిమాలయం పేరే చెబుతాడు. ఆ కొండను చూసిన మనిషి అక్కడికి నడిచి వెళ్లలేదన్న సంగతి కథ తెలిసిన అందరికీ తెలుసు. అయినా దాన్ని మనం వర్ణన గురించిన ప్రశ్నగా ఎప్పుడూ చూడలేదు. ప్రవరుడు ఊరు దాటని గృహస్థు. అతిథులను కూర్చోబెట్టి వాళ్లు చూసిన దేశాల గురించి అడిగి తెలుసుకునేవాడు. ఇంత చిన్న వయసులో ఇన్ని చోట్లు ఎలా తిరిగారని సిద్ధుణ్ణి అడగడంలోనే నడక ఎంత కాలం తినే పనో అతనికి తెలుసన్నది స్పష్టం. సిద్ధుడిచ్చిన పాదలేపనం సరిగ్గా ఆ కాలాన్ని రద్దు చేస్తుంది. కాళ్లకు పసరు పూసుకున్నాడు, కొండ ముందు నిలబడ్డాడు. మధ్యలో దారి లేదు, చెమట లేదు, రాత్రి బస లేదు. దారి లేదు కనుకనే ఆ కొండ అంత నిండుగా, ఒక్కసారిగా, శబ్దాల పొంగుతో కంటి ముందు విచ్చుకుంటుంది. నడిచి వచ్చినవాడికి కొండ అలా కనబడదు. మలుపు మలుపుకూ కొంచెం కొంచెంగా, సగం సగంగా కనబడుతుంది.

పెద్దన ప్రతిభ ఇక్కడితో ఆగదు. మంచుకు లేపనం కరిగిపోయాక కావ్యం అసలు నడక మొదలుపెడుతుంది. తిరిగి వెళ్లాలనుకున్న ప్రవరుడికి దారి తెలియదు. అంతదాకా చూపుకు విందైన కొండ ఒక్క క్షణంలో దాటరాని అడ్డుగోడ అవుతుంది. వరూధిని దగ్గర అతను మొదట అడిగింది ఊరికి దారి. ఆ ప్రశ్నలోని దైన్యాన్ని నియమనిష్ఠల కోణంలో, శృంగారాభాస కోణంలో మన విమర్శకులు ఎంతో లోతుగా చర్చించారు. దాన్ని దారి తప్పిన మనిషి ప్రశ్నగా చదవడానికి కూడా పాఠంలో పూర్తి అవకాశం ఉంది. కొండను వర్ణించగలిగినవాడు కొండలో దారి కనుక్కోలేకపోయాడు. పెద్దనకు ఈ ఎత్తిపొడుపు తెలుసుననే నా అభిప్రాయం. తరవాతి ప్రబంధకవులు, వారి వెంట మన పాఠ్యపుస్తకాలు ఆ కథలోని మొదటి సగాన్నే ఆదర్శంగా తీసుకున్నాయి.

దీనికి పూర్తిగా భిన్నమైన కొండ 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథునిది. పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణం శివరాత్రికి శ్రీశైలం వెళ్లే భక్తజనంతో కిటకిటలాడుతుంది. అక్కడ కొండ కన్నా ముందు కొండకు వెళ్లే మనుషులు కనిపిస్తారు. వాళ్లు పాడే పాటలు, వాయించే వాద్యాలు, ఆడే ఆటలు, చేసుకునే మొక్కులు ద్విపద నడకలో ఒకదాని వెంట ఒకటి వస్తాయి. జానపద గేయ పరిశోధకులకు ఆ ప్రకరణం గని అయింది. యాత్రాసాహిత్య పరిశోధకులు మాత్రం దాని జోలికి పోలేదు. సామాన్యంగా మన యాత్రాసాహిత్య చరిత్రలు 19వ శతాబ్దపు వచనంతో మొదలవుతాయి. తెలుగులో సామూహిక నడకకు తొలి విస్తృత చిత్రణల్లో ఒకటిగా పర్వత ప్రకరణాన్ని ఆ చరిత్రకు ముందు చేర్చుకోవాలి. ద్విపదలో ఉందన్న కారణంతో వదిలేయడం సబబు కాదు.

3. పల్లకి, గుర్రం

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరుకున్నారు. కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె చొరవతో 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్ర మన మొదటి పెద్ద యాత్రారచన. సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఆయనది లెక్క తప్పని కన్ను. మజిలీలు, ఆమడలు, బాట ఇసుకదా రాతిదా, ఊళ్లో సామాన్లు దొరుకుతాయా లేదా – ఇవన్నీ రాశారు. ఈ రచనలో ప్రబంధ వర్ణన దాదాపు లేకపోవడం, దారి నిండుగా ఉండడం గమనార్హం. నా విద్యార్థిని రాసిన కాగితానికి సాహిత్యంలో దగ్గర బంధువు ఎవరంటే నేను వీరాస్వామయ్యనే చూపిస్తాను.

అయితే ఆయన వెళ్లింది పల్లకిలో. పరివారం వంద మంది దాకా ఉండేది. బాట నాణ్యత ఆయనకు అంత ముఖ్యమవడానికి కారణం బోయీల కాళ్లు. ఆ కాళ్లు తడబడితే ప్రయాణం ఆగుతుంది. తిరుగు ప్రయాణంలో గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం మీదుగా తీరం వెంట వచ్చినప్పుడు పడమటి దిక్కున మన్యపు కొండలు వెంట నడుస్తూనే ఉంటాయి. ఆయన వాటి మీదికి ఎక్కలేదు. ఎక్కవలసిన పనీ లేదు.

గుర్రం మీది చూపు తెలుగులోకి అనువాదంగా వచ్చింది. విభూతిభూషణ్ బందోపాధ్యాయ ‘ఆరణ్యక’కు సూరంపూడి సీతారాం చేసిన ‘వనవాసి’ అనువాదం మూడు తరాల తెలుగు పాఠకులకు అడవిని ప్రేమించడం నేర్పింది. కథకుడు సత్యచరణ్ ఎస్టేటు మేనేజరు. అడవిని కౌలుదార్లకు పంచి సాగులోకి తేవడం అతని ఉద్యోగం. వెన్నెల రాత్రుల్లో గుర్రం మీద తిరుగుతూ అతను మైమరచిపోయే ఆ అడవి అతని సంతకంతోనే మాయమవుతుంది. ఈ నేరభావన నవలను మామూలు ప్రకృతి ప్రశంసల నుంచి చాలా ఎత్తుకు తీసుకుపోయింది. మనవాళ్లు దాన్ని తలచుకునేటప్పుడు వెన్నెలను గుర్తుచేసుకున్నంతగా సంతకాన్ని గుర్తుచేసుకోరు. రేమండ్ విలియమ్స్ 1973లో వచ్చిన ‘ది కంట్రీ అండ్ ది సిటీ’లో ఇంగ్లండ్ గురించి చేసిన వాదం ఇక్కడ పనికొస్తుంది. నేలను దృశ్యంగా చూడాలంటే చూసేవాడు ఆ నేల మీద పని నుంచి విడివడి ఉండాలన్నది ఆయన వాదపు సారం. పాదలేపనం, పల్లకి, గుర్రం ఆ విడివడడానికి మూడు సాధనాలు.

4. మన్యం: దృశ్యం కాకముందు

మన్యాన్ని అందమైన చోటుగా మైదానం చూడడం ఎక్కువకాలం నాటి సంగతి కాదు. 1839 నాటి 24వ చట్టంతో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాలను కలెక్టరు గవర్నరు ఏజెంటు హోదాలో పాలించడం మొదలయింది. ‘ఏజెన్సీ’ అన్న పేరు అలా వచ్చింది. అప్పటికీ ఆ తరవాత చాలాకాలానికీ మైదానం మనిషికి మన్యమంటే జ్వరం. గిడుగు రామమూర్తి పర్లాకిమిడి నుంచి సవరల కొండలకు వెళ్లి వాళ్ల భాష నేర్చుకున్నారు. మలేరియాకు వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నదన్నది అందరికీ తెలిసిన సంగతి. ఒక భాషను చెవితో పట్టుకోవడానికి కొండెక్కిన మనిషి చెవినే పోగొట్టుకున్నాడు. సవర భాష మీద ఆయన పుస్తకం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. తెలుగులో కొండ నడక అందించిన ఫలాల జాబితా వేస్తే ఆ రెంటినీ అగ్రస్థానంలో పెట్టాలి. వాటిలో ప్రకృతి వర్ణన లేదు.

దారి గురించి మరో సంగతి ఉంది. ఇవాళ మనం కారు అద్దాలు దించి గాలి పీల్చుకుంటూ ఎక్కే ఘాట్ రోడ్ల చరిత్ర సుఖమైనది కాదు. నర్సీపట్నం వైపు నుంచి చింతపల్లి దిశగా కొండల్లో వేసిన రోడ్ల పనుల్లో గిరిజనులను చాలీచాలని కూలికి బలవంతంగా దింపడం, గూడెం ప్రాంతపు డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆగడాలు 1922 తిరుగుబాటుకు తక్షణ కారణాల్లో చేరాయి. 1882 మద్రాసు అటవీ చట్టం అప్పటికే పోడును, అడవిలో స్వేచ్ఛగా తిరగడాన్ని కట్టడి చేసింది. ఆ ఏడాది ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషనును పట్టుకుంది. మరుసటి రోజు కృష్ణదేవిపేట, ఆ తరవాతి రోజు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్ల మధ్య ఉన్న దూరాన్ని వాళ్లు కొండదారుల్లో నడిచారు. సైన్యం రోడ్డు మీద వచ్చింది, తిరుగుబాటుదారులు కాలిబాట మీద కదిలారు. సెప్టెంబరులో దామనపల్లి దగ్గర ఇద్దరు ఆంగ్ల అధికారులు మరణించింది కూడా ఇరుకైన కొండదారిలో ముందుకు సాగుతున్నప్పుడే. సీతారామరాజు మీద వచ్చిన నవలలూ నాటకాలూ బుర్రకథలూ వీరత్వాన్ని గానం చేశాయి. ఈ దారుల భూగోళాన్ని అవి నేపథ్యంగా సరిపెట్టాయి.

5. ‘ఆంధ్రా కశ్మీరం’

అరకు ‘ఆంధ్రా ఊటీ’ అయింది, లంబసింగి ‘ఆంధ్రా కశ్మీరం’ అయింది. ఈ పేర్లు ఎవరు పెట్టారో గాని, రెండూ పాదలేపన సంతానమే. చూసిన చోటును చూడని మరో చోటుతో పోల్చి ఊరుకోవడం ఉపమాలంకారపు అతి సోమరి ప్రయోగం. లంబసింగికి కొర్రబయలు అని మరో పేరుంది. ఆరుబయట పడుకున్నవాడు కొర్రులా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. ఆ వ్యుత్పత్తి నిజమో కాదో భాషాశాస్త్రజ్ఞులు తేల్చాలి. పేరు చెప్పుకునే తీరు మాత్రం ఆ చలిలో రాత్రి గడిపినవాళ్లది. పక్కనే లోతుగెడ్డ ఉంది. గెడ్డ లోతన్నది దాటవలసినవాడికే కావలసిన సమాచారం. మన్యపు ఊళ్ల పేర్లు చాలావరకు దారి చెప్పే పేర్లే. గెడ్డ, బంద, గరువు, మెట్ట, పుట్టు – ఎక్కడ నీళ్లు, ఎక్కడ బండరాయి, ఎక్కడ మెట్టభూమి, ఎక్కడ ఊరు అని అవి చెబుతాయి. జి.మాడుగుల అన్న పొట్టిపేరులోని ‘జి’ విప్పితే గంగరాజు మాడుగుల. కొండ దిగువన మరో మాడుగుల ఉంది. పైకీ కిందికీ తిరిగే జనానికి రెండింటినీ వేరు చేసి చెప్పుకోక తప్పదు.

వంజంగి కొండ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. గత కొన్నేళ్లలో సామాజిక మాధ్యమాల వల్ల ప్రసిద్ధి పొందిన ఈ కొండకు శీతకాలపు శనాదివారాల్లో వేల మంది వస్తారు. తెల్లవారుజామున బండ్లు కింద ఆపి, ఫోన్ల వెలుతురులో పైకెక్కి, సూర్యోదయ వేళ లోయ నిండా పరుచుకున్న మేఘాలను చూస్తారు. నేనూ ఎక్కాను. నిజంగానే మాట రాదు. ఆ మేఘాలను చూసి కదలని మనిషి గురించి నేను సాహిత్యం బోధించలేను. ఇక్కడ వాదం అందానికి వ్యతిరేకంగా కాదు. నా పక్కన నిలబడిన పదిమందిలో తొమ్మిదిమంది మేఘాలకు వీపు తిప్పి తమను తాము ఫోటో తీసుకుంటున్నారన్నది కూడా నా అభ్యంతరం కాదు. దిగేటప్పుడు నాకు కనిపించిన ఒక చిన్న విషయం ఉంది. దారి పక్కన టీ, బొంగు చికెన్ అమ్ముకునే స్త్రీలు ఆ సామానంతా ఎప్పుడు, ఎటు నుంచి పైకి తెచ్చారో నాతో వచ్చినవాళ్లలో ఒక్కరూ గమనించలేదు. మేం టార్చి వెలుగులో ఆయాసపడుతూ ఎక్కిన దారినే వాళ్లు మాకంటే ముందు, చీకట్లో, బరువుతో ఎక్కారు.

వలిసె పూల సంగతీ ఇంతే. శీతకాలం మొదట్లో అరకు పొలాల్లో పసుపు విరిసే ఆ పూల మధ్య నిలబడి ఫోటో దిగని పర్యాటకుడు ఉండడు. యాత్రావ్యాసాల్లో వలిసె పువ్వు ‘పసిడి తివాచీ’ అవుతుంది. అది నూనెగింజ పంట అని రాసిన వ్యాసాలు నాకు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని దొరికాయి. అడ్డాకు, పిప్పలి, పసుపు, మిరియం, రాజ్‌మా – సంతకు నెత్తి మీదో కావిడిలోనో దిగే సరుకు ఇది. సంతరోజు మన్యంలోని కాలిబాటలన్నీ నిండిపోతాయి. ఆ నడకకు మన యాత్రాసాహిత్యంలో పేరు లేదు, ‘ట్రెక్కింగ్’ మాత్రం ఉంది.

ఇటుకల పండగ రోజుల్లో స్త్రీలు దారికి అడ్డంగా నిలబడి, వచ్చేపోయేవాళ్ల దగ్గర డబ్బులు అడిగి పుచ్చుకునే ఆచారం ఈ ప్రాంతంలో ఉంది. మైదానం నుంచి కారులో వచ్చినవాళ్లు దీన్ని వింత అనుకుంటారు, కొందరు విసుక్కుంటారు. మగవాళ్లు వేటకు అడవిలోకి పోయిన వేళ దారి మీద అధికారం స్త్రీలదని చెప్పే ఆచారంగా దీన్ని చదవవచ్చు. యాత్రికుడు ఎవరి దారిలో నడుస్తున్నాడో అతని ముఖాన అడిగే సందర్భం మరొకటి నాకు తెలియదు.

6. నడిచి రాసినవారు

మన ఆధునిక రచయితల్లో కాలు నేల మీద పెట్టి రాసినవారు లేకపోలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలితకళలు బోధించిన మాచవరపు ఆదినారాయణ వేల కిలోమీటర్లు నడిచి ‘భ్రమణ కాంక్ష’ రాశారు. ఈ పుస్తకంలో దృశ్యాల కన్నా మనుషులు ముందుంటారు, అందుకు కారణం సాహిత్య సిద్ధాంతం కాదు. నడిచేవాడికి సాయంత్రానికి అన్నం, పడుకోవడానికి అరుగు కావాలి. అవి ఇచ్చేది మనుషులు. నడక ఆ వచనానికి వేగం తగ్గించింది, వినయం నేర్పింది. ఆయన ఆనందం ఒక్కోసారి అన్ని ఊళ్లనూ ఒకే మంచితనంతో పూసేస్తుందన్నది నాకున్న చిన్న ఫిర్యాదు.

వాడ్రేవు చినవీరభద్రుడు గిరిజన సంక్షేమ శాఖలో పనిచేసిన రచయిత. ‘నేను తిరిగిన దారులు’లో ఆయన కొండను చూసినప్పుడల్లా ఒక కవి గుర్తుకొస్తాడు. ఆ స్మరణ వల్ల దృశ్యం లోతెక్కుతుంది. అదే వేళ పాఠకుడికి, కొండకు మధ్య ఒక గ్రంథాలయం కూడా నిలబడుతుంది. గిరిజన విద్యారంగంలో తన అనుభవాలను చెప్పిన ‘కొన్ని కలలు కొన్ని మెలకువలు’ను ఎవరూ యాత్రారచనగా లెక్కించరు. నాకు మాత్రం రెండింటిలో అదే మన్యానికి దగ్గరి పుస్తకం. బడి ఎక్కడుంది, అక్కడికి పిల్లవాడు ఎలా వస్తాడు అని అడిగే మనిషికి దారి గురించి ఆలోచించక తప్పదు.

ఇక లోపలి నుంచి రాసేవాళ్లు. పార్వతీపురం మన్యం నేపథ్యంగా మల్లిపురం జగదీశ్ రాసిన ‘శిలకోల’ కథల్లో కొండ ఎవరి ముందూ నిలబడి తనను తాను ప్రదర్శించుకోదు. అక్కడి పాత్రలకు కొండ ఎక్కడం, దిగడం వాక్యంలో క్రియాపదాలు మాత్రమే, సన్నివేశాలు కావు. వర్ణన అధ్యాయం రాసే పరిశోధకుడు ఈ కథల్లో ఉదాహరణలు దొరక్క ఇబ్బంది పడతాడు. ఆ ఇబ్బందిని రచయిత లోపంగా నమోదు చేసే ప్రమాదముంది. నేను నా విద్యార్థిని కాగితం మీద చేసింది అదే.

ఇక్కడ ఒక హెచ్చరిక నాకు నేనే చెప్పుకోవాలి. వర్ణన లేని నడకను ‘ఆదివాసీ సహజ సౌందర్యదృష్టి’ అంటూ ఎత్తుకుని పొగిడితే అది కొత్త పాదలేపనం అవుతుంది. ఆ నడకలో గర్భిణిని, జ్వరం వచ్చిన బిడ్డను డోలీ కట్టి మోసుకొచ్చే నడక కూడా ఉంది. కర్రకు దుప్పటి కట్టి, ఇద్దరు ముందూ వెనకా భుజాన వేసుకుని, గెడ్డలు దాటించి, అంబులెన్సు ఆగగలిగిన చోటికి చేర్చడం మన్యంలో ఇప్పటికీ వార్త. వీరాస్వామయ్య పల్లకికీ ఈ డోలీకీ ఆకారంలో పోలిక ఉంది. పల్లకిలో కూర్చున్నాయన పుస్తకం రాశాడు, డోలీలో పడుకున్నామె రాయలేదు. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో రాష్ట్ర ప్రభుత్వం గిరిజన గ్రామాల రోడ్ల పనులను ‘అడవితల్లి బాట’ పేరుతో మొదలుపెట్టింది. రోడ్డును బాట అనడం మంచి పేరే. ఆ బాట వచ్చాక కాలిబాట అందం పోతుందని మైదానంలో కూర్చుని బాధపడే వ్యాసం ఒకటి త్వరలో రాకపోదు. అది రాసేవారు ఒక్కసారి డోలీకి భుజం పట్టి ఆ తరవాత రాయాలి.

లోపలివాళ్లు అందం చూడరనుకోవడమూ పొరపాటే. మా మన్యం విద్యార్థులు తమ కొండల వీడియోలు తీస్తారు, పాటలు జోడిస్తారు, మైదానం స్నేహితులను పిలుచుకుని వెళ్లి చూపిస్తారు. అందాన్ని చూడడం, దారి తెలియడం వాళ్లలో ఒకే మనిషికి సాధ్యమవుతున్నాయి. మన సాహిత్య శిక్షణ ఈ రెంటిలో మొదటిదానికే మార్కులు వేస్తుంది.

7. దారి చెప్పడం

మరుసటి ఏడాది ప్రశ్న మార్చాను. ‘మీ ఊరికి మొదటిసారి వచ్చేవారికి దారి చెప్పండి’ అని ఇచ్చాను. విద్యార్థులు తెల్లబోయారు. ఇది తెలుగు పరీక్షలో అడిగే ప్రశ్నేనా అని ఒకబ్బాయి అడిగాడు. మైదానం పిల్లల సమాధానాలు రెండు మూడు వాక్యాల్లో తేలిపోయాయి: బస్సు దిగాలి, ఆటో ఎక్కాలి, గుడి పక్క వీధి. కొండ మీది ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు పేజీలు నింపారు. భూతలస్వర్గం ఎక్కడా రాలేదు. ఒక కాగితంలో ఊరి పొలిమేరలోని శంకుదేవుడి దగ్గర చెప్పులు విప్పి నడవాలని ఉంది. ఇంకో కాగితంలో వేసవిలో ఒక దారి, వానలకు ఒక దారి అని రెండు బొమ్మలు గీసి ఉన్నాయి. మరొకదానిలో ‘డోలీ దించే మామిడిచెట్టు’ గుర్తుగా ఉంది. ఆ చెట్టు దగ్గర మోసేవాళ్లు మారతారట.

దిద్దడానికి నాకు వారం పట్టింది. తప్పులు ఎక్కువగా ఉండి కాదు. ఏటవాలుల రకాలకు, జారే మట్టికి, గెడ్డలో కాలు పెట్టదగిన రాళ్లకు వాళ్లు వాడిన మాటల్లో కొన్ని నాకు అర్థం కాలేదు. కొన్ని ఆదివాసీ ఒడియావి, కొన్ని కోందుల మాటలు, కొన్ని తెలుగువే. నా దగ్గరున్న నిఘంటువుల్లో అవి దొరకలేదు. కాగితం పట్టుకుని ఒక్కొక్కరినీ స్టాఫ్‌రూముకు పిలిచి అడిగాను. మొదటి ఏడాది నాలుగు మార్కులు తెచ్చుకున్న అమ్మాయి అప్పటికి మూడో సంవత్సరంలో ఉంది. అర్థం కాని మాటల జాబితాను ఆమెకూ చూపించాను. సగం మాటలకు అర్థం చెప్పింది. మిగతా సగం తమ వైపువి కావని, కొండకు అవతలి పక్కవాళ్లను అడగాలని చెప్పి, అటు ఊళ్లవాళ్లు ఏ సంతకు దిగుతారో కాగితం వెనక రాసి ఇచ్చింది.